హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం: ఆశయం, ప్రవేశాలు, వ్యయం

హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి ఉన్నత విద్యకు తెలుగు రాష్ట్రాల వైపు చూసినప్పుడు అతనికి మొదట ఎదురయ్యే ప్రశ్న మార్కులకు సంబంధించినది కాదు. అతడు ‘స్థానికుడా, స్థానికేతరుడా’ అన్నదే ఆ ప్రశ్న. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో తెలుగు చదివినా, తాతముత్తాతల నాటినుంచి తెలుగు పండుగలే చేసుకుంటున్నా రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల ప్రవేశ నిబంధనల ప్రకారం అతడు స్థానికేతరుడే. ఈ ప్రశ్న అడగని పెద్ద విద్యాసంస్థ ఒకటి తెలుగునేల నడిబొడ్డున ఉన్నది. అది హైదరాబాదు విశ్వవిద్యాలయం. జనవ్యవహారంలో ‘సెంట్రల్ యూనివర్సిటీ’. స్థానికత గురించి చెలరేగిన వివాదానికి పరిష్కారంగానే అది పుట్టడం, పుట్టిన తరువాత తాను మాత్రం స్థానికతను పాటించకపోవడం దాని చరిత్రలోని విశేషం. రాష్ట్రేతర తెలుగు కుటుంబాలకు ఉపయోగపడేటట్లు ఆ విశ్వవిద్యాలయ ఆశయం, ప్రవేశ విధానం, చదువుకయ్యే వ్యయం ఇక్కడ క్రమంగా వివరింపబడుతున్నాయి.

పుట్టుక

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972–73లో జై ఆంధ్ర ఉద్యమం నాటి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపివేశాయి. రెంటికీ మూలంలో ఉన్నవి ఉద్యోగాలు, విద్యావకాశాలు. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత ఆంధ్ర ప్రాంతంలో ఆందోళన తీవ్రమైంది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఉభయ ప్రాంతాల నాయకులతో సంప్రదింపులు జరిగిన మీదట 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వెలువడింది.

ఆ పథకంలోని రెండవ సూత్రంలో రెండు అంశాలు జంటగా ఉన్నాయి. రాష్ట్రంలోని విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వడం ఒకటి. ఉన్న విద్యా సౌకర్యాలను పెంచేందుకు హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పడం రెండవది. ఈ పథకాన్ని అమలు పరచడానికి 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి, 371-ఇ అధికరణాలు చేర్చబడ్డాయి. మొదటిది స్థానిక రిజర్వేషన్లకు ఆధారం. రెండవది ఆంధ్రప్రదేశ్‌లో ఒక విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఒక విశ్వవిద్యాలయ స్థాపనకోసం రాజ్యాంగంలో ప్రత్యేకంగా ఒక అధికరణాన్ని చేర్చడం అరుదైన విషయం.

పార్లమెంటు 1974లో 39వ చట్టంగా హైదరాబాదు విశ్వవిద్యాలయ చట్టాన్ని చేసింది. ఆ ఏడాది అక్టోబరు 2న విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. తొలి ఉపాధ్యక్షులు గురుబఖ్ష్ సింగ్. ప్రారంభ దశలో ఇది అబిడ్స్‌లోని ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనంలో నడిచింది. అది సరోజినీ నాయుడు నివసించిన ఇల్లు. 1905లో వెలువడిన ఆమె తొలి కవితా సంపుటి పేరునే ఆ ఇంటికి పెట్టారు. తరువాత నగరానికి పడమర దిక్కున గచ్చిబౌలిలో విశాలమైన ప్రాంగణం ఏర్పడింది.

చట్టం చెప్పిన ఆశయం

ఈ విశ్వవిద్యాలయ లక్ష్యాన్ని ప్రచార పత్రాలలో వెదుక్కోనవసరం లేదు. అది చట్టంలోనే ఉన్నది. జ్ఞానాన్ని పెంపొందించడం, వ్యాపింపజేయడం అన్నవి ఏ విశ్వవిద్యాలయ చట్టంలోనైనా కనిపించే మాటలే. హైదరాబాదు విశ్వవిద్యాలయ చట్టం అంతటితో ఆగలేదు. మానవీయ శాస్త్రాలను, విజ్ఞాన శాస్త్రాలను కలిపి బోధించే సమగ్ర పాఠ్యక్రమాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలనీ, వివిధ శాస్త్రాల మధ్య అధ్యయనాన్నీ పరిశోధననూ ప్రోత్సహించాలనీ నిర్దేశించింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం బహుశాస్త్ర విద్యను గురించి గట్టిగా మాట్లాడింది. 1974లోనే ఆ భావం ఈ చట్టంలోకి ఎక్కడం గమనార్హం.

అమెరికా వంటి దేశాలలో ‘లిబరల్ ఆర్ట్స్’ అని పిలిచే విద్య సారాంశం ఇదే. ఒకే వృత్తికి తర్ఫీదు ఇవ్వడం దాని ఉద్దేశం కాదు. సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం, గణితం, ప్రకృతి శాస్త్రాల ద్వారా ఆలోచించే శక్తినీ, వ్రాయగల నేర్పునూ అలవరచడం దాని ఉద్దేశం. మన దేశంలో ఈ పేరుతో నడిచే ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో ఏడాదికి లక్షల రూపాయల రుసుము ఉంటుంది. అటువంటి చదువును ప్రభుత్వ వ్యయంతో సామాన్య కుటుంబాలకు అందుబాటులో ఉంచడమే ఇటువంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రయోజనం.

హైదరాబాదు విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు లేవు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల వలె వందలాది కళాశాలలకు పరీక్షలు జరపవలసిన భారం దీనికి లేదు. బోధన, పరిశోధన ఒకే ప్రాంగణంలో జరుగుతాయి. గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, కంప్యూటర్ విజ్ఞానం, ఆర్థిక శాస్త్రం, సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు, నిర్వహణ, వైద్య శాస్త్రాలు మొదలైన వాటికి వేర్వేరు విభాగ సముదాయాలు ఉన్నాయి. నాట్యం, రంగస్థలం, చిత్రకళ, ప్రసార మాధ్యమాలు సరోజినీ నాయుడు పేరుతో ఉన్న సముదాయంలో బోధింపబడతాయి.

మానవీయ శాస్త్రాల విభాగంలో ఇంగ్లీషు, తత్త్వశాస్త్రం, హిందీ, తెలుగు, ఉర్దూ, సంస్కృత శాఖలున్నాయి. అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలకు ప్రత్యేక కేంద్రమున్నది. ద్రావిడ భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1986 నుండి 1993 వరకు ఇక్కడ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. ద్రావిడ భాషలన్నింటినీ తులనాత్మకంగా పరిశీలించిన ఆయన బృహద్గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, బడిలో ఇంగ్లీషు వినిపించే సరిహద్దు పిల్లలకు బహుభాషా పరిచయం పుట్టుకతోనే వస్తుంది. భాషాశాస్త్రంలోనూ అనువాదంలోనూ అది వారికి మంచి పెట్టుబడి.

2019లో కేంద్ర ప్రభుత్వం ఈ సంస్థను ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’గా ప్రకటించింది.

స్థానికత చిక్కు

371-డి అధికరణం క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశాలకు రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించింది. అవి ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలు. ఉత్తర్వు పరిధిలోని కోర్సులలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయింపబడ్డాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండటం స్థానికతకు ప్రధానమైన కొలమానం. మిగిలిన 15 శాతం సీట్లకు కూడా సాధారణంగా రాష్ట్రంలో పదేండ్లు నివసించిన తల్లిదండ్రుల పిల్లలు, రాష్ట్రంలో పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లలు వంటి వర్గాలనే అర్హులుగా చూపుతూ వచ్చారు. 2014 రాష్ట్ర విభజన చట్టం ఇరు రాష్ట్రాల విద్యార్థులకూ పదేండ్లపాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశ అవకాశం 2024 జూన్ 2తో ముగిసింది.

ఈ లెక్కలలో ఎక్కడా క్రిష్ణగిరి, కోలారు, రాయగడ, గజపతి జిల్లాల తెలుగువారి ప్రస్తావన లేదు. ఉండనవసరం లేదని నాటివారు తలచి ఉండవచ్చు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు, 1953లో బళ్ళారి మైసూరులో కలిసినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గీతకు అవతల మిగిలిపోయినవారు ఏ స్థానిక ప్రాంతానికీ చెందరు. యానాం తెలుగువారి స్థితి మరీ విచిత్రం. చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా వారు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతవాసులు.

కులధ్రువీకరణ విషయంలో ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయికి వెళ్ళి స్థిరపడిన ఒక గిరిజన కుటుంబపు విద్యార్థి వైద్య కళాశాల సీటు విషయమై వేసిన వ్యాజ్యంలో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులానికో తెగకో లభించిన గుర్తింపు మరొక రాష్ట్రపు రిజర్వేషన్లకు పనికిరాదన్నది ఆ తీర్పు సారాంశం. తమిళనాడులో ఎస్సీ ధ్రువపత్రం పొందిన తెలుగు విద్యార్థి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థలో ఆ రిజర్వేషన్ కోరలేడు. తన భాష మాట్లాడే రాష్ట్రంలో అతడు రెండు విధాల బయటివాడవుతాడు.

హైదరాబాదు విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ. ఇక్కడ 85 శాతం స్థానిక కోటా లేదు. దేశం మొత్తానికి ఒకే ప్రతిభా జాబితా. రిజర్వేషన్లు కూడా కేంద్ర నిబంధనల ప్రకారమే. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఇతర వెనుకబడిన తరగతులకు 27, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం సీట్లు ఉంటాయి. దివ్యాంగులకు 5 శాతం. తమ సొంత రాష్ట్రం ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రాలు ఇక్కడ చెల్లుతాయి. హోసూరు విద్యార్థికీ, హైదరాబాదు విద్యార్థికీ ఇక్కడ తేడా మార్కులలోనే.

ప్రవేశ మార్గాలు

ఇంటర్మీడియట్ లేదా ప్లస్ టూ, పి.యు.సి. పూర్తిచేసినవారికి ఐదేండ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ప్రధాన ద్వారం. తెలుగు, హిందీ, ఉర్దూ, భాషా విజ్ఞానం, అర్థశాస్త్రం, చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం వంటి అంశాలలో ఎం.ఏ. వరకు సాగే కోర్సులు ఇందులో ఉన్నాయి. విజ్ఞాన శాస్త్రాలలో ఎం.ఎస్సీ. వరకు సాగేవి వేరుగా ఉన్నాయి.

ఈ కోర్సులకు 2022 నుండి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఆధారం. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ దీనిని నిర్వహిస్తుంది. 2025 నాటి విధానం ప్రకారం పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదనే జరుగుతుంది. 13 భాషలు, 23 విషయాలు, ఒక సాధారణ పరీక్ష కలిపి మొత్తం 37 పత్రాలున్నాయి. అభ్యర్థి వాటిలో ఐదింటిని మించకుండా ఎన్నుకోవచ్చు. ప్రతి పత్రంలో 50 ప్రశ్నలు, 60 నిమిషాల వ్యవధి. సరైన జవాబుకు 5 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది.

సరిహద్దు తెలుగువారికి ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ప్రశ్నపత్రం తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీతో సహా 13 భాషలలో లభిస్తుంది. విద్యార్థి తాను చదివిన మాధ్యమాన్ని ఎంచుకోవచ్చు. తెలుగును ఒక భాషా పత్రంగా వ్రాయవచ్చు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత, కర్ణాటకలో 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగు చదివే అవకాశం చాలామందికి తగ్గింది. అటువంటివారు ఇంట్లోనో, గ్రంథాలయంలోనో తెలుగు చదవడం, వ్రాయడం పట్టుదలగా నేర్చుకుంటే ఆ శ్రమ ఈ పరీక్షలో మార్కులుగా మారుతుంది. మాట్లాడటం వస్తే చాలునని తెలుగు పత్రం తీసుకున్నవారు చదివి అర్థం చేసుకోవలసిన గద్య భాగాల దగ్గర తడబడతారు.

ఏ కోర్సుకు ఏ పత్రాలు వ్రాయాలో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. దరఖాస్తు నింపేముందు ఆ పట్టికను చూసుకోవాలి. ఒక పత్రం తప్పుగా ఎంచుకుంటే ఎంత మంచి మార్కులు వచ్చినా ఆ కోర్సుకు అర్హత ఉండదు.

మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. సి.యు.ఇ.టి. వ్రాసినంత మాత్రాన విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసినట్లు కాదు. ఫలితాల సమయంలో విశ్వవిద్యాలయ ప్రవేశ వేదికలో వేరుగా నమోదు చేసుకోవాలి. కోర్సుల ప్రాధాన్య క్రమాన్ని ఇవ్వాలి. 2025లో సి.యు.ఇ.టి. దరఖాస్తులు మార్చిలో స్వీకరించారు. పరీక్షలు మే 13 నుండి జూన్ 4 వరకు జరిగాయి. ఫలితాలు జూలై 4న వెలువడ్డాయి. తేదీలు ఏటా మారుతాయి. దరఖాస్తుల ప్రకటన మొదలుకొని ప్రవేశాలు ముగిసేవరకు విద్యార్థి అప్రమత్తంగా ఉండాలన్నది మాత్రం మారదు.

పట్టభద్రులకు రెండేండ్ల ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి కోర్సులు ఉన్నాయి. వీటికి సి.యు.ఇ.టి. పి.జి. పరీక్ష వేరుగా జరుగుతుంది. భాషా పత్రాలు ఆయా భాషలలో ఉంటాయి. తక్కినవి ప్రధానంగా ఇంగ్లీషు, హిందీలలో ఉంటాయి.

పిహెచ్.డి. ప్రవేశాలు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలకు లోబడి ఉంటాయి. నెట్ లేదా ప్రవేశ పరీక్ష, ఆపైన మౌఖిక పరీక్ష ఆధారంగా ఎంపిక జరుగుతుంది. నెట్ పరీక్షలో తెలుగు ఒక విషయంగా ఉన్నది. 2022 నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. పాత సలహాలను నమ్మి ఆ పట్టాకోసం వెదికేవారు ఇది గమనించాలి.

ధ్రువపత్రాల జాగ్రత్తలు

సీటు వచ్చి కూడా కాగితం లేక పోగొట్టుకోవడం అన్నింటికన్న బాధాకరం. రాష్ట్రేతర తెలుగు విద్యార్థులు ముఖ్యంగా ఈ క్రింది విషయాలు చూసుకోవాలి.

ఇతర వెనుకబడిన తరగతుల కేంద్ర జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్న కులం కర్ణాటక జాబితాలోనో, మహారాష్ట్ర జాబితాలోనో అదే పేరుతో ఉంటుందని అనుకోరాదు. తాము నివసించే రాష్ట్రపు కేంద్ర జాబితాలో తమ కులం పేరు ఉన్నదో లేదో ముందే చూడాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఇచ్చే ధ్రువపత్రం ఇక్కడ చాలదు. కేంద్ర నమూనాలో, సంపన్న శ్రేణికి చెందరని తెలిపే పత్రం తీసుకోవాలి. 2017 నుండి దీనికి ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు.

ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రం ఏడాదికేడాది మారుతుంది. ఏప్రిల్ తరువాత కొత్త ఆర్థిక సంవత్సరానికి మళ్ళీ తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పత్రాలపై కులం పేరు, తండ్రి పేరు పదవ తరగతి పత్రంలో ఉన్నట్లే ఉండాలి. సరిహద్దు ప్రాంతాలలో ఇది చిన్న విషయం కాదు. తెలుగు ఇంటిపేరు తమిళనాడు పత్రాలలో ఒక అక్షరానికి కుదించుకుపోవడం, కర్ణాటకలో ఊరి పేరు ముందు చేరడం మామూలు. ఒకే మనిషి పేరు మూడు పత్రాలలో మూడు విధాలుగా ఉంటే సరిచూసే అధికారికి సందేహం కలుగుతుంది. ప్లస్ టూ చదువుతుండగానే వీటిని సరిచేయించుకోవడం మేలు.

వ్యయం

చదువు ఖర్చును నాలుగు భాగాలుగా లెక్కవేసుకోవచ్చు.

మొదటిది పరీక్ష రుసుము. 2025లో సి.యు.ఇ.టి. యు.జి.కి మూడు పత్రాల వరకు సాధారణ అభ్యర్థులకు 1,000 రూపాయలు, ఓబీసీ, ఈడబ్ల్యుఎస్ అభ్యర్థులకు 900, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 800 రూపాయలుగా ఉండెను. అదనపు పత్రాలకు ఒక్కొక్కదానికి వరుసగా 400, 375, 350 రూపాయలు.

రెండవది బోధన, పరీక్ష, గ్రంథాలయం, ప్రయోగశాల మొదలైన వాటి రుసుము. ఇది సెమిస్టరు వారీగా కట్టాలి. ప్రవేశ సమయంలో తిరిగి ఇచ్చే ధరావతు కూడా ఉంటుంది. అందువల్ల మొదటి సెమిస్టరు మొత్తం తరువాతి వాటికన్న ఎక్కువగా కనిపిస్తుంది. మానవీయ, సామాజిక శాస్త్రాల కోర్సులకు రుసుము తక్కువ. సాంకేతిక, నిర్వహణ కోర్సులకు ఎక్కువ.

మూడవది వసతి, భోజనం. నిజమైన భారం ఇక్కడే ఉంటుంది. గది అద్దె స్వల్పమైనా భోజన వ్యయం నెలనెలా వస్తుంది. కోర్సులో సీటు వచ్చినంత మాత్రాన హాస్టలు గది హక్కుగా రాదు. దానికి వేరుగా దరఖాస్తు చేయాలి. గది దొరకక బయట ఉండవలసి వస్తే గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల అద్దెలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల జీతాలను బట్టి నడుస్తాయి. కాబట్టి హాస్టలు విషయం తేలకుండా కుటుంబం ఖర్చు లెక్క వేసుకోరాదు.

నాలుగవది రాకపోకలు. విశ్వవిద్యాలయానికి దగ్గరి రైల్వే స్టేషన్లలో లింగంపల్లి ముఖ్యమైనది. ఏడాదికి రెండు మూడు సార్లు ఇంటికి వచ్చిపోయే ఖర్చును లెక్కలో చేర్చుకోవాలి.

ఉపకార వేతనాలు

స్థానికత ప్రశ్న ప్రవేశంలో తప్పినా ఉపకార వేతనాల దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. ఈసారి అది విద్యార్థికి అనుకూలంగానే పనిచేయగలదు.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాన్ని విద్యార్థి శాశ్వతంగా నివసించే రాష్ట్రమే ఇవ్వాలి. అతడు ఏ రాష్ట్రంలో చదువుతున్నాడన్నది ముఖ్యం కాదు. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు మించరాదు. కోలారు విద్యార్థి తెలంగాణలో చదివినా కర్ణాటక ప్రభుత్వానికే దరఖాస్తు చేసుకోవాలి. తెలంగాణ అధికారుల చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ప్రతిభ ఆధారంగా ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం మరొకటి. తమ రాష్ట్ర బోర్డు పన్నెండవ తరగతి పరీక్షలో పైనుండి 20 శాతం లోపల నిలిచి, కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షలు మించనివారు దీనికి అర్హులు. ఆయా బోర్డులకు వేరువేరుగా కేటాయింపులు ఉంటాయి. డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000, స్నాతకోత్తర స్థాయిలో 20,000 రూపాయలు లభిస్తాయి. ఐదేండ్ల కోర్సులో నాలుగు, ఐదు సంవత్సరాలకు హెచ్చు మొత్తం వర్తిస్తుంది.

ఒక అపోహను తొలగించుకోవాలి. ‘మైనారిటీ’ అన్న మాట చూసి భాషా అల్పసంఖ్యాకులైన తెలుగువారు కేంద్ర మైనారిటీ ఉపకార వేతనాలకు దరఖాస్తు చేస్తుంటారు. అవి ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్శీ, జైన మతస్థులకు ఉద్దేశింపబడినవి. భాషా మైనారిటీలకు అవి వర్తించవు.

పరిశోధక విద్యార్థులలో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000 రూపాయలు ఇస్తున్నారు. జె.ఆర్.ఎఫ్. లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి.కి నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ ఉన్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఈ సౌకర్యం లేదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విద్యాలక్ష్మి పథకం క్రింద ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి విద్యాసంస్థలలో చదివేవారికి హామీ లేని విద్యారుణం లభిస్తుంది. ఏడాదికి 8 లక్షలలోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. అయినా భాషా, సామాజిక శాస్త్రాలు చదివేవారు రుణాన్ని చివరి మార్గంగానే చూడటం మంచిది. ఆ చదువుల తరువాత ఉద్యోగం వెంటనే రాకపోవచ్చు.

ప్రాంగణంలో పరిస్థితులు

బోధన ప్రధానంగా ఇంగ్లీషులో సాగుతుంది. తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాలలో ప్లస్ టూ వరకు చదివినవారికి మొదటి ఏడాది కష్టం. ప్రవేశ పరీక్ష తెలుగులో వ్రాయగలిగినంత మాత్రాన ఆ తరువాతి పాఠాలు తెలుగులో ఉండవు. సీటు వచ్చిన నాటినుండి తరగతులు మొదలయ్యేవరకు ఉన్న వారాలను ఇంగ్లీషు చదవడానికి వినియోగించుకోవాలి.

చౌకగా సీటు దొరికితే సమానత్వం వచ్చినట్లు కాదన్న పాఠమూ ఈ ప్రాంగణ చరిత్రలో ఉన్నది. 2016 జనవరి 17న దళిత పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఇక్కడ ఆత్మహత్య చేసుకున్నారు. ఉన్నత విద్యాసంస్థలలో కులవివక్షపై దేశమంతటా నిరసనలు, చర్చ సాగడానికి ఆ సంఘటన కారణమైంది. మొదటి తరం విద్యార్థిని పంపే కుటుంబాలు రుసుములతో పాటు ప్రాంగణంలోని సమాన అవకాశాల విభాగం, ఫిర్యాదుల విభాగం, సలహా సేవల వివరాలను కూడా తెలుసుకుని ఉండాలి.

2025 మార్చి, ఏప్రిల్ నెలలలో ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమిలో చెట్ల తొలగింపును విద్యార్థులు, ఉపాధ్యాయులు వ్యతిరేకించారు. ఆ భూమి తమదేనని తెలంగాణ ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపివేసింది. నగరం పెరిగి ప్రాంగణం సరిహద్దులను తాకుతున్న వైనానికి ఇది నిదర్శనం.

ఇతర ద్వారాలు

హైదరాబాదు ఒక్కటే కాదు. కలబురగి, తిరువారూరు, కోరాపుట్‌లలో 2009లో ఏర్పడిన కర్ణాటక, తమిళనాడు, ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. అనంతపురంలో 2018లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. బళ్ళారి, పావగడ ప్రాంతాలవారికి అది అందుబాటులో ఉంటుంది. యానాంవారికి 1985లో స్థాపితమైన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఉన్నది. హైదరాబాదులోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. ఒకే సి.యు.ఇ.టి. మార్కులతో వీటిలో ఒకటికన్న ఎక్కువ చోట్ల దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ప్రతి సంస్థ పరీక్ష విధానాన్నీ, విషయాల పట్టికనూ ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి.

మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా సరిహద్దు తెలుగువారు మరచిపోరానిది. దక్షిణాది భాషల తులనాత్మక అధ్యయనం దాని ఉద్దేశం. బెంగుళూరు, జోలార్‌పేట రైలు మార్గంలో ఉండటం వల్ల కోలారు, క్రిష్ణగిరి జిల్లాలవారికి రాకపోకలు సులువు. అది రాష్ట్ర విశ్వవిద్యాలయం కనుక ఇతర రాష్ట్రాల అభ్యర్థుల అర్హతను దాని ప్రవేశ ప్రకటనలో ప్రత్యేకంగా పరిశీలించాలి.

తల్లిదండ్రులకు

ఆరు సూత్రాల పథకం తెలుగు ప్రాంతాల మధ్య తగవు తీర్చడానికి వచ్చింది. గీతకు అవతలి తెలుగువారు ఆ తగవులో లేరు, ఆ ఒప్పందంలోనూ లేరు. అయినా దాని ఫలితాలలో ఒకటైన విశ్వవిద్యాలయంలో వారికి ఇతరులతో సమానమైన హక్కు మిగిలింది. ఆ హక్కు ఉన్నదని తెలియనందువల్లనే దానిని వాడుకోని కుటుంబాలున్నాయి. స్థానికేతరులమన్న ఒక్క మాట విని తెలుగు రాష్ట్రాల వైపే చూడటం మానుకున్నవారు వారిలో ఉన్నారు.

పదకొండవ తరగతిలో ఉన్న విద్యార్థికి ఇంకా వ్యవధి ఉన్నది. ఈ ఏడాది పేర్లు, పుట్టినతేదీ సరిచేయించుకోవాలి. వారానికి కొన్ని గంటలు తెలుగు చదవాలి, ఇంగ్లీషు చదవాలి. వచ్చే ఏడాది ఆరంభంలో సి.యు.ఇ.టి. ప్రకటన కోసం చూడాలి. ఏప్రిల్‌లో ఆదాయ, కుల ధ్రువపత్రాలు కొత్తగా తీసుకోవాలి. ఫలితాలు రాగానే విశ్వవిద్యాలయంలో వేరుగా నమోదు చేసుకోవాలి. సొంత రాష్ట్రంలో ఉపకార వేతనానికి దరఖాస్తు చేయాలి. ఈ పనులలో దేనికీ సిఫారసు అవసరం లేదు, సకాలంలో చేస్తే చాలు.